ఆరు తూటాలా, పదిహేడా? రివాల్వర్–పిస్టల్ వాదం ఎక్కడిదాకా వచ్చింది

2018 ఆగస్టు నెలాఖరుతో న్యూయార్క్ నగర పోలీసు శాఖలో రివాల్వర్ కథ ముగిసింది. ఆ శాఖ 9 మిల్లీమీటర్ల సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లను 1993లోనే అనుమతించింది. అయితే పాత ఆయుధానికి చేయి అలవాటైన వాళ్లను బలవంతపెట్టలేదు. వాళ్లలో చివరివాళ్లు దాన్ని అప్పగించేసరికి పాతికేళ్లు గడిచాయి. పోలీసుల మటుకు వ్యవహారం అక్కడితో తేలిపోయినట్టే.

తేలనిది మామూలు మనిషి సంగతి. 2021లో అమెరికా కర్మాగారాల నుంచి 65 లక్షలకు పైగా పిస్టళ్లు బయటికొస్తే, రివాల్వర్లు 11 లక్షల పైచిలుకు వచ్చాయి. ఏడు చేతి తుపాకుల్లో ఒకటి ఇంకా రివాల్వరే అన్నమాట. కాలం చెల్లిందని తరతరాలుగా అనిపించుకుంటున్న యంత్రానికి ఇంత గిరాకీ ఎందుకు? ఇరుపక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతుండటమే ఇందుకు పెద్ద కారణం. ఎదురుకాల్పుల్లో ఏది మెరుగన్నది ఒకరి ప్రశ్న. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉండి, ఏనాడో ఒక్కసారి, అదీ భయంతో వణికే చేతిలో, ఏది పనిచేస్తుందన్నది ఇంకొకరి ప్రశ్న.

వేలి బలం, పేలుడు బలం

రివాల్వర్‌లో శక్తి అంతా వేలిదే. ట్రిగ్గర్ లాగితే సిలిండర్ ఒక గడి తిరుగుతుంది, సుత్తి వెనక్కి లేచి పడుతుంది, తూటా పేలుతుంది. బావిలోంచి చేదతో నీళ్లు తోడినట్టు ప్రతిసారీ శ్రమ మళ్లీ మొదటినుంచే. డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్‌కు మామూలుగా పది, పన్నెండు పౌండ్ల బలం కావాలి. సాధారణంగా ఐదో ఆరో తూటాలు పడతాయి.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్, పేలిన తూటా బలంలోంచే కొంత తన పనికి వాడుకుంటుంది. స్లైడు వెనక్కి పోతూ ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. తిరిగి ముందుకొస్తూ, పిడిలోని మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను గొట్టం మొదట్లోని గదిలోకి నెడుతుంది. పేరులో ఆటోమేటిక్ ఉన్నా, ఒకసారి లాగితే ఒక్క తూటాయే పేలుతుంది. గ్లాక్ కంపెనీ పిస్టళ్ల వంటి వాటికి ఐదారు పౌండ్ల బలం చాలు. వాటిలో మోడల్ 17 మ్యాగజైన్‌లో తూటాలు కూడా 17.

వాదంలో వినిపించే గుణదోషాలు చాలామటుకు ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి. రివాల్వర్ తన పనికి తూటా మీద ఆధారపడదు, మనిషి వేలి మీద ఆధారపడుతుంది. పిస్టల్‌కు తూటా, మ్యాగజైన్ స్ప్రింగు, చేతి పట్టు మూడూ కుదరాలి.

సైన్యాలు ముందు మారాయి

శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కు 1836లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ లోహపు తొడుగు తూటాలతో పనిచేసే రివాల్వర్ తెచ్చాక, మందు, గుండు విడివిడిగా దట్టించే పాత పద్ధతికి రోజులు దగ్గరపడ్డాయి. అదే కంపెనీ 1899లో తెచ్చిన ‘మిలిటరీ అండ్ పోలీస్’ తర్వాత మోడల్ 10 అన్న పేరుతో 60 లక్షలకు పైగా తయారైంది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికా పోలీసు అనగానే కళ్లకు కట్టే తుపాకీ అదే.

రివాల్వర్ ఇలా పరిపూర్ణమవుతున్న రోజుల్లోనే యూరప్‌లో దాని పోటీదారు పుట్టింది. 1893లో బోర్చార్ట్, 1896లో మౌజర్, ఆ వెంటనే లూగర్. లూగర్‌ను స్విట్జర్లాండ్ సైన్యం 1900లో, జర్మనీ పదాతి దళాలు 1908లో తీసుకున్నాయి. బ్రిటన్ మాత్రం వెబ్లీ రివాల్వర్‌ను వదల్లేదు. ఆ మొండితనం ప్రభావం భారతదేశం మీద ఎంతకాలం ఉండిపోయిందో చివర్లో చూద్దాం.

అమెరికా సైన్యం మారిన తీరును గురించి ఒక అపోహ ఉంది. ఫిలిప్పీన్స్‌లో తనతో పోరాడిన మోరో యోధులను .38 రివాల్వర్ ఆపలేకపోయిందని, అందుకే పిస్టల్ వచ్చిందని చెబుతారు. ఇది సగమే నిజం. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు పశువుల మీద, మృతదేహాల మీద జరిపిన పరీక్షల్లో తేల్చింది, గుండు వ్యాసం .45 అంగుళాలకు తగ్గరాదని. రివాల్వరా పిస్టలా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న కాదు. పాత .45 రివాల్వర్లను కూడా ఫిలిప్పీన్స్‌కు పంపారు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్టల్ 1911లో నెగ్గడానికి కారణం వేరు: పోటీ పరీక్షలో 6,000 తూటాలు పేల్చినా అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. తీరా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అవి చాలక, అదే .45 తూటాకు సరిపడేలా కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీల చేత 1917 మోడల్ రివాల్వర్లు చేయించుకోవాల్సి వచ్చింది.

తూటా పరిమాణం గురించిన వాదనను యంత్రం గురించిన వాదనగా పొరబడటం ఇది మొదటిసారి. చివరిసారి కాదు.

రెండు కాల్పులు, ఒక మలుపు

అమెరికా పోలీసులు సైన్యం వెంట నడవడానికి దాదాపు ముప్పావు శతాబ్దం తీసుకున్నారు. 1967లో ఇలినాయ్ రాష్ట్ర పోలీసులు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 39 పిస్టల్‌కు మారినప్పుడు దాన్ని వింతగా చూశారు. దృష్టి మార్చినవి రెండు ఘటనలు.

మొదటిది 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర జరిగింది. నిమిషాల వ్యవధిలో నలుగురు హైవే పెట్రోల్ అధికారులు చనిపోయారు. వాళ్ల దగ్గరున్నవి రివాల్వర్లు. ఖాళీ అయిన సిలిండర్‌లో మళ్లీ తూటాలను ఒక్కొక్కటిగా తీసి పెట్టుకోవాలి. చనిపోయిన ఒక అధికారి జేబులో ఖాళీ తొడుగులు దొరికాయని, శిక్షణలో నేలమీద పారేయవద్దన్న అలవాటే ప్రాణం తీసిందని ఒక కథ పాకింది. తర్వాతి పరిశోధన దాన్ని నిజం కాదని తేల్చినా, శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. వెంటనే జరిగిన మార్పు మాత్రం పిస్టల్ రాక కాదు. ఆరు తూటాలనూ ఒకేసారి నింపే స్పీడ్‌లోడర్లు వచ్చాయి, శిక్షణ మారింది.

రెండోది 1986 ఏప్రిల్ 11న మయామీలో. ఇద్దరు బ్యాంకు దోపిడీదారులను ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు చుట్టుముట్టారు. ఐదు నిమిషాలలోపు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమంది చేతిలో రివాల్వర్లే. రివాల్వర్ పని అయిపోయిందనడానికి ఈ ఘటననే సాక్ష్యంగా చూపిస్తారు. వివరాల్లోకి వెళితే అంత సూటిగా ఉండదు. ముగ్గురు ఏజెంట్ల దగ్గర 9 మి.మీ. పిస్టళ్లు ఉన్నాయి. దొంగల్లో ఒకడి దగ్గరున్నది రూగర్ మినీ-14 రైఫిల్. ఎక్కువ నష్టం చేసింది అదే, దానిముందు ఏ చేతి తుపాకీ అయినా ఒకటే. చివరికి ఎడ్ముండో మిరెలెస్ అనే ఏజెంటు, ఒక చేయి ఛిద్రమైన స్థితిలో, ఇద్దరు దొంగలనూ కూల్చి కాల్పులకు తెరదించింది తన రివాల్వర్‌తోనే.

ఎఫ్‌బీఐ సొంత విచారణ తప్పును యంత్రం మీద కాదు, తూటా మీద మోపింది. 9 మి.మీ. గుండు ఒకటి దొంగ చేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయి గుండెకు కాస్త ఇవతల ఆగిపోయింది. అక్కడినుంచే, పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మెలో గుండు 12 నుంచి 18 అంగుళాల లోతుకు దిగాలన్న ప్రమాణం వచ్చింది. 10 మి.మీ., 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ తూటాలూ వచ్చాయి. 2010ల మధ్యకు, మెరుగైన గుళ్లు వచ్చాయంటూ, ఆ సంస్థ మళ్లీ 9 మి.మీ.కే తిరిగింది. ఈ చక్రం పూర్తయ్యేలోపు రివాల్వర్ మాత్రం వెళ్లిపోయింది. ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకున్న గ్లాక్, ప్లాస్టిక్ ఫ్రేముతో, తక్కువ బరువుతో సరిగ్గా ఆ సమయానికి అమెరికాలో అడుగుపెట్టింది.

మూడు మతాలు

సామాన్యుల విషయానికొస్తే అభిప్రాయాలు మూడు పాయలుగా చీలాయి.

మొదటిది తేలిక పక్షం. సాధన చేయని మనిషికి రివాల్వరే మేలని వీళ్లంటారు. సిలిండర్ పక్కకు తెరిస్తే ఎన్ని తూటాలున్నాయో కంటికి కనబడుతుంది. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ లాగితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. జేబులోంచి పేల్చినా, ఎదుటి మనిషి ఒంటికి ఆనించి పేల్చినా ఆగదు. పిస్టల్ అయితే అలాంటప్పుడు స్లైడు అడ్డుపడి ఆగిపోవచ్చు. పట్టు వదులైనా ఇబ్బందే.

వీళ్ల వాదనకు బలహీనమైన చోటు కూడా అక్కడే ఉంది. పన్నెండు పౌండ్ల ట్రిగ్గర్ లాగుతూ, రెండంగుళాల గొట్టంతో గురిపెట్టి కొట్టడం కొత్తవాళ్లకు తేలిక కాదు. 1950లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ లాంటి ఐదు తూటాల బుల్లి రివాల్వర్ మోయడానికి హాయి, పేల్చడానికి శిక్ష. దాంతో కొన్నవాళ్లు సాధనే చేయరు. ముసలివాళ్లకు, కీళ్లనొప్పుల వాళ్లకు స్లైడు లాగడం కష్టమని రివాల్వర్ చేతిలో పెట్టే దుకాణదారు, ఆ వేలికి ట్రిగ్గర్ కూడా అంతే కష్టమని చెప్పడు. స్మిత్ అండ్ వెసన్ 2018లో స్లైడు తేలిగ్గా కదిలే షీల్డ్ ఈజెడ్ పిస్టల్ తెచ్చింది ఈ గిరాకీని చూసే.

రెండోది సంఖ్యా పక్షం. వీళ్ల చేతిలో గట్టి లెక్క ఉంది. న్యూయార్క్ పోలీసుల శిక్షణను పరిశీలించి 2008లో ర్యాండ్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, 1998 నుంచి 2006 దాకా ఎదుటివాడు కూడా కాల్చిన ఘటనల్లో అధికారుల తూటాలు తగిలింది 18 శాతమే. ఎదుటివాడు కాల్చనప్పుడు 30 శాతం. జీతం తీసుకుని శిక్షణ పొందినవాళ్ల సంగతే ఇది. ఆరు తూటాల్లో సగటున ఒక్కటి తగులుతుంది. ఇంకో మనిషి కూడా ఎదురుంటే?

ఈ లెక్కకు రెండోవైపు 1999 ఫిబ్రవరి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో అమాడూ డియాలో అనే నిరాయుధుడి మీద నలుగురు పోలీసులు 41 తూటాలు పేల్చారు, 19 తగిలాయి. ఇద్దరు అధికారులు పదహారేసి పేల్చి మ్యాగజైన్లు ఖాళీ చేశారు. ఎక్కువ తూటాలు ఉండటమే ఎక్కువ కాల్చడానికి దారితీస్తుందన్న విమర్శ అప్పుడు బలపడింది. తగలని 22 తూటాలు ఎక్కడికో ఒకచోటికి వెళ్లి ఉంటాయి కదా. నగరంలో గోడ వెనక ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. సంఖ్యా పక్షం ఈ ప్రశ్నను దాటవేసినంతగా మరే ప్రశ్ననూ దాటవేయలేదు.

మూడోది, ఆయుధం కాదు మనిషే ముఖ్యమనే పక్షం. పోటీ షూటర్ జెర్రీ మిక్యులెక్ 1999లో రివాల్వర్‌తో ఆరు తూటాలు పేల్చి, మళ్లీ నింపి, మరో ఆరు పేల్చడానికి పట్టిన సమయం 2.99 సెకన్లు. అలాంటి చేతికి ఏదైనా ఒకటే. ఈ మాటను ఎవరూ కాదనరు, కానీ కొనబోయేవాడికి ఇది పెద్దగా ఉపయోగపడదు కూడా.

మొరాయింపు లెక్కలు

రివాల్వర్ ఎప్పుడూ మోసం చేయదని, పిస్టల్ ఇరుక్కుంటుందని ఒక పాత మాట. రెండూ చెడతాయి, చెడే తీరు వేరు.

పిస్టల్ చెడటం తరచు, బాగుచేయడం తేలిక. ఖాళీ తొడుగు స్లైడులో ఇరుక్కున్నా, మ్యాగజైన్ సరిగా కూర్చోకపోయినా, అడుగున అరచేత్తో చరిచి స్లైడు లాగి వదిలితే చాలామటుకు సెకన్లలో సరి. ఆ అలవాటు ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రివాల్వర్ చెడటం అరుదు, చెడిందంటే ఆ పూటకు అంతే. కాలని మందు రవ్వలు ఎక్స్‌ట్రాక్టర్ కింద చేరితే సిలిండర్ బిగుసుకుంటుంది. ఎజెక్టర్ కడ్డీ మర వదులైతే తెరుచుకోదు. మరీ తేలికైన రివాల్వర్‌లో బలమైన తూటాలు వాడితే, కుదుపుకు పక్క గడిలోని సీసపు గుండు ముందుకు జారి సిలిండర్‌కు అడ్డుపడుతుంది. అప్పుడు కావలసింది పనిముట్లు. పాత మాట పుట్టిన రోజుల నాటి పిస్టళ్లు, తూటాలు ఇప్పుడు లేవు. మంచి తయారీ పిస్టల్‌ను నమ్మకపోవడానికి ఈనాడు పెద్ద కారణం కనబడదు.

పరిమాణంలోనూ రివాల్వర్ ఆధిక్యం కరిగిపోయింది. 2018లో సిగ్ సావర్ తెచ్చిన పి365, జేబు రివాల్వర్ అంత చిన్నదైనా, పది తూటాల మ్యాగజైన్‌తో వచ్చింది. చిన్నదిగా ఉంటుంది కాబట్టి రివాల్వర్ అనే వాదన ఆ ఏడాదితో చాలావరకు వీగిపోయింది.

పొరపాటున పేలితే

ఇక్కడ మాత్రం తేలిక పక్షానికి ఇంకా పట్టుంది. మ్యాగజైన్ తీసేసినా గదిలో ఒక తూటా మిగిలే ఉంటుందన్నది పిస్టల్‌తో వచ్చే పాత ప్రమాదం. మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటు మోడల్ 39, బ్రౌనింగ్ హైపవర్ వంటి కొన్నింటిలో ఉంది, గ్లాక్‌లో లేదు. పైగా గ్లాక్‌ను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ లాగాలి. గది ఖాళీ అయిందో లేదో చూడటం మరిచినవాడి మీద దాని ఫలితం వెంటనే పడుతుంది. వాషింగ్టన్ డీసీ పోలీసులు గ్లాక్‌కు మారాక వందకు పైగా పొరపాటు పేలుళ్లు జరిగాయని 1998లో ‘వాషింగ్టన్ పోస్ట్’ బయటపెట్టింది. తప్పు తుపాకీది కాదు, చాలీచాలని శిక్షణదని ఆ కథనాల సారాంశం. న్యూయార్క్ శాఖ వేరే దారి పట్టింది: తన పిస్టళ్లకు పన్నెండు పౌండ్ల ట్రిగ్గర్ స్ప్రింగు పెట్టించుకుంది. రివాల్వర్‌ను పంపించేసి, దాని ట్రిగ్గర్‌ను మాత్రం ఉంచుకుంది.

లెక్కలు లేని చోటు

ఏ రకం తుపాకీ సామాన్యుడిని ఎక్కువ కాపాడిందో చెప్పే నమ్మదగిన జాతీయ లెక్క అమెరికాలో లేదు. అసలు ఆత్మరక్షణకు తుపాకీ ఎన్నిసార్లు వాడారన్న దాని మీదే ఏకాభిప్రాయం లేదు. 1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ అనే పరిశోధకులు ఏడాదికి 25 లక్షల సార్లని అంచనా వేస్తే, ప్రభుత్వ నేరబాధితుల సర్వే నుంచి వచ్చే అంచనాలు లక్ష దరిదాపుల్లో ఉంటాయి. పునాది సంఖ్య దగ్గరే ఇంత తేడా ఉన్నప్పుడు, రివాల్వరా పిస్టలా అన్నది గణాంకాలతో తేల్చడం అయ్యే పని కాదు.

ఇంట్లో తుపాకీ ఉండటం వల్ల ప్రమాదం మీద మాత్రం పరిశోధన గట్టిపడుతూ వచ్చింది. కాలిఫోర్నియాలో చేతి తుపాకీ కొన్నవాళ్లను పన్నెండేళ్లకు పైగా గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తుపాకీ లేని మగవాళ్లతో పోలిస్తే ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం ఎనిమిది రెట్లు, ఆడవాళ్ల విషయంలో 35 రెట్లు ఎక్కువని తేలింది. ట్రిగ్గర్ బరువు గురించి పేజీలకు పేజీలు రాసే పత్రికలు ఈ అంకెను అరుదుగా ముట్టుకుంటాయి. ఇంటికి ఏది కొనాలన్న చర్చలో తాళం పెట్టె గురించిన పేరా తుపాకీ గురించిన పేరా కన్నా ముందు రావాలనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఇంకో ముందు ప్రశ్న ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు.

భారతదేశంలో ప్రశ్నే వేరు

ఇక్కడ ఎంపికను ముందు చట్టం చేస్తుంది. 9 మి.మీ. పారబెల్లం వంటి సైన్యం, పోలీసుల తూటాలు వాడే తుపాకులు మామూలు లైసెన్సుకు రావు. మిగిలేది ప్రధానంగా .32 బోరు. 1980ల మధ్య నుంచి పౌరులకు దిగుమతులు ఆగిపోవడంతో, అంతకుముందు వచ్చిన విదేశీ పిస్టళ్లు చేతులు మారుతూ లక్షల్లో పలుకుతాయి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక మనిషికి ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

కాన్పూర్ ఆర్డినెన్స్ కర్మాగారం చేసే .32 రివాల్వర్‌కు మూలం బ్రిటిష్ వెబ్లీ. 2014లో అదే ఊళ్లో దాదాపు అర కిలో బరువుతో, లక్షా ఇరవై వేలకు పైగా ధరతో ‘నిర్భీక్’ను ఆడవాళ్ల రక్షణ కోసమంటూ విడుదల చేసినప్పుడు వచ్చిన విమర్శ యంత్రం మీద కాదు, ఆ ధర ఏ ఆడవాళ్లకు అందుతుందన్న దాని మీద. 2020 తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో వెబ్లీ పేరుతోనే మళ్లీ .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. పిస్టల్ కోరుకునేవాళ్లకు బెంగాల్‌లోని ప్రభుత్వ కర్మాగారాల ‘అశని’ ఉంది.

అమెరికాలో సంఖ్యా పక్షాన్ని గెలిపించిన పరిస్థితులు ఇక్కడ లేవు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. తూటా ఖరీదెక్కువ, సాధనకు రేంజి దొరకడం కష్టం. 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సుకు భద్రతా శిక్షణ పత్రం అడుగుతాయి కానీ, ఒకసారి నేర్చుకున్నది చేతికి నిలవాలంటే మళ్లీ మళ్లీ పేల్చాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించాలి, తర్వాత తెచ్చుకోవాలి. అలా ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ గదిలో తూటా ఉందో లేదో చూడాల్సినవాళ్లలో ఎక్కువమంది ఆ పని అరుదుగా చేసేవాళ్లే. నలభై ఏళ్ల నాటి దిగుమతి పిస్టల్‌కు సరైన స్ప్రింగు, సరిపోయే మ్యాగజైన్ వెతకడం ఒక ప్రయాస. సిలిండర్‌కు ఆ బాధ లేదు. అమెరికా పత్రికల్లో ఓడిపోయిన తేలిక పక్షం వాదనలు, అవి పుట్టినచోటికన్నా కాన్పూర్ రివాల్వర్‌కే బాగా అతుకుతున్నాయి.